తడిసిన ఫోనూ, బియ్యపు డబ్బా

మొన్నటి ముసురులో కల్మల బస్సు దిగుతూ మేము జేబులోని ఫోనును నీటి గుంటలో జారవిడుచుకొన్నాము. ఇంటికి రాగానే "బియ్యంలో పెట్టండి" అన్నది మా శ్రీమతి. కృష్ణా తుంగభద్రల నడుమ వున్న సీమ మాది, బియ్యానికి కొదువా? డబ్బాలో పూడ్చాము. కాని మనసు నిలువక, గంటకొకసారి బయటికి తీసి మీట నొక్కి చూశాము. మూడవసారికి అది పూర్తిగా కన్నుమూసింది. కాలం చేసిన మా అమ్మ గొంతు నాలుగు మాటలు అందులోనే వుండిపోయింది.

ఆ తరువాత తెలుసుకొన్నది పాఠకులకు చెప్పడం మా విధి. ఫోనుకు నీరొక్కటే శత్రువు కాదు. నీటిలో కరిగిన లవణాలూ, దానిగుండా పారే విద్యుత్తూ కలసి లోపలి రాగి గీతలను తినివేస్తాయి. కనుక ముందు ఫోనును ఆపివేయాలి. తొడుగూ, సిమ్ కార్డూ తీసి, మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. ఛార్జరు రంధ్రం క్రిందికి వుండేటట్లు పట్టుకొని అరచేతిపై మెల్లగా తట్టాలి. గాలి ఆడేచోట ఒక రోజు వుంచాలి. అంతవరకు మీట ముట్టరాదు, ఛార్జరు తగిలించరాదు, పొయ్యి సెగ అసలే కూడదు. బియ్యపు నలుసులు లోపలికి పోయి చెరుపు చేస్తాయని ఆపిల్ కంపెనీవారే 2024లో హెచ్చరించారు.

బియ్యం అన్నానికే వుంచండి. ఫోను మళ్ళీ కొనుక్కోవచ్చు. పెద్దల గొంతు మీ ఫోనులో వుంటే, ఈ పూటే మరొకచోట నకలు తీసి దాచుకోండి.