భోజన వేళ ఆరోగ్య పాఠం

మాకు బడిలో ఆరోగ్య పాఠాలున్నాయి. మరి మా అమ్మానాన్నలకు? బదిలీ అయిన ప్రతిసారీ ఊరు మారుతుంది, డాక్టరు మారతారు, పాత రిపోర్టులు అట్టపెట్టెల్లోనే ఉండిపోతాయి. బీపీ చాలామందిలో ఏ బాధా లేకుండానే పెరుగుతుంది; కొలిస్తేనే తెలుస్తుంది.

అందుకే ప్రతి ఆఫీసులో నెలకొకసారి, భోజన విరామంలో 20 నిమిషాలు డాక్టరో నర్సో మాట్లాడాలని మా అభిప్రాయం. సాయంత్రమైతే అందరికీ ఇంటికెళ్లే తొందర. క్యారేజీ ఎదురుగా ఉంటే ఉప్పు సంగతి చెప్పడమూ తేలికే. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ, అప్పడాల్లోని ఉప్పూ ఆ లెక్కలోదే. ఆఖరున బీపీ చూడాలి, కానీ అంకెలు అందరిముందూ చదవకూడదు.

మా మార్కులు వాళ్లు అడుగుతారు. వాళ్ల బీపీ ఎంతో మనమూ అడుగుదాం.