హడ్డీ హమారీ, చమ్డీ తుమారీ: ఈ మాట ఇక బంద్ చేద్దాం

జూన్ 12 వస్తోందంటే మన ఇళ్లల్లో ఒకటే హడావుడి. నోట్‌బుక్కులకు అట్టలెయ్యాలి, యూనిఫాం కుట్టించాలి, ఆటో మాట్లాడాలి, పాత బ్యాగు జిప్పు బాగుచేయించాలి. ఇవన్నీ అయ్యాక బడి గేటు దగ్గర ఇంకో పని మిగిలి ఉంటుంది. అబ్బానో దాదానో పిల్లాణ్ని ముందుకు నెట్టి, కొత్తగా వచ్చిన టీచరమ్మకు సలాం చేసి, "హడ్డీ హమారీ, చమ్డీ తుమారీ" అనేస్తాడు. ఎముకలు మావి, తోలు మీది. ఎముక విరక్కుండా ఎంతైనా కొట్టుకోండని దాని మత్లబ్.

ఈ మాట అనేవాళ్లు పిల్లల దుష్మన్లేమీ కాదు. ఉస్తాద్ మీద అఖీదత్‌తోనే అంటారు. "మావాడు మీకు అమానత్" అని చెప్పాలనే వాళ్ల ఇరాదా. కానీ అమానత్ అంటే ఏంటి? ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తిరిగి అప్పజెప్పడం. తోలు ఉంచుకుని ఎముకలు తిరిగివ్వడం అమానత్ ఎలా అవుతుంది?

ఈ మాటతో నుక్సాన్ పిల్లాడికి మాత్రమే కాదు, ఆ టీచరుకు కూడా. ఆ కొత్త టీచరు ఎవరనుకుంటున్నారు? చాలాసార్లు మన ఇంటి అమ్మాయే. డీఎడ్డో బీఎడ్డో చేసి, డీఎస్సీ రాసి గవర్నమెంటు బడికో, ఇంటర్వ్యూ ఇచ్చి గల్లీ చివరి ప్రైవేటు స్కూలుకో మొదటిసారి వెళ్తున్న 23, 24 ఏళ్ల పిల్ల. ట్రైనింగ్‌లో లెసన్ ప్లాన్ రాయడం నేర్చుకుంది. నలభై మంది ఒక్కసారిగా మాట్లాడుతుంటే ఏం చెయ్యాలో ఆమెకు గట్టిగా నేర్పినవాళ్లు తక్కువ. రాత్రి నిద్రపట్టదు. "పిల్లలు నా మాట వినకపోతే?" అన్నదే ఫికర్.

స్టాఫ్‌రూంలోకి వెళ్తే సీనియర్లు మష్వరా ఇస్తారు. "మొదటి నెల నవ్వకు. మొదటిరోజే ఒకణ్ని పట్టుకుని రెండు వాయించు, మిగతావాళ్లు వాళ్లే దారికొస్తారు." గేటు దగ్గర వాలిదైన్ ఇజాజత్, లోపల సీనియర్ల సలహా. రెండూ కలిసి ఆ అమ్మాయి చేతిలో పెట్టేది ఒక్క బెత్తమే.

బెత్తం పనిచేస్తుందా అంటే చేస్తుంది, ఆమె గదిలో ఉన్నంతసేపు. వరండాలోకి వెళ్లగానే క్లాసు సంతయిపోతుంది. ఎందుకంటే ఆ పిల్లలు నేర్చుకున్నది టీచరు అడుగుల చప్పుడు పసిగట్టడం. కుదురుగా కూర్చోవడం వాళ్లకెవరూ నేర్పలేదు. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. ముర్గా అవడం అంటే ఏంటో ఈ ఉమర్‌లో కూడా నా మోకాళ్లకు యాదే. తెలుగు మీడియం దోస్తులకైతే గోడకుర్చీ. పేర్లు వేరు, జిల్లత్ ఒకటే. కొట్టే ఉస్తాద్‌ల ముందు మేం ఎంత అదబ్‌గా ఉండేవాళ్లమో, వాళ్లు అటు తిరగ్గానే అంతగా వాళ్ల నకల్ చేసేవాళ్లం. వాళ్లకు రోబ్ ఉండేది. ఇజ్జత్ మాత్రం చెయ్యెత్తని ఉస్తాద్‌లకే దక్కింది.

ఖానూన్ సంగతి కూడా చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది. అమ్మానాన్నలు సరేనంటే కొట్టొచ్చన్న మినహాయింపు అందులో లేదు. అంటే గేటు దగ్గర మనం ధారాళంగా ఇచ్చేస్తున్న చమ్డీ, ఇవ్వడానికి మనది కానే కాదు. రేపు పిల్లాడి చెయ్యి వాచి, ఆ ఫొటో ఫోన్లలో తిరిగితే నౌకరీ పోయేది ఆ అమ్మాయికే. ఇజాజత్ ఇచ్చిన అబ్బా ఆమె తరఫున గవాహీ చెప్పడానికి రాడు. మద్రసాలకు ఈ చట్టం వర్తించదని 2012 సవరణను చూపించేవాళ్లున్నారు. మద్రసాలో కూర్చోగానే పిల్లల తోలు మందమైపోదు కదా!

"కొట్టమని దీన్‌లోనే ఉంది" అని కొందరు నమాజు హదీస్ తెస్తారు. ఆ హదీస్ ఏడేళ్లకు చెప్పడం మొదలుపెట్టమంటుంది. ఏడు నుంచి పది దాకా మూడేళ్లు, రోజుకు ఐదు పూటలు. ఐదు వేలకు పైగా సార్లు నోటితో చెప్పాక వచ్చే మాట అది. దానికీ ఉలమాలు ఎన్నో హద్దులు పెట్టారు. పదమూడో ఎక్కం రాలేదని జూన్ మూడో వారంలోనే లేచే బెత్తానికీ, ఆ హదీస్‌కూ ఏం తాల్లుఖ్?

క్లాసు నడపడం నేర్చుకోవాలంటే సహీ ముస్లింలో ఉన్న ముఆవియా బిన్ హకమ్ (రజి) వాఖియా చదవాలి. ఆయన కొత్తగా ఈమాన్ తెచ్చినవారు. జమాత్‌లో నమాజు నడుస్తుండగా ఎవరో తుమ్మితే, ఈయన పైకే దువా ఇచ్చేశారు. చుట్టూ ఉన్నవాళ్లు గుర్రుగా చూశారు, తొడల మీద చరుచుకుంటూ చుప్ చేయించారు. ఆయనకు తానేం తప్పు చేశారో అర్థం కాలేదు. నమాజు పూర్తయ్యాక రసూలుల్లాహ్ (స) ఆయన్ను కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో మామూలు మాటలు తగవని, అది తస్బీహ్‌కూ తక్బీర్‌కూ ఖురాన్ చదవడానికేనని చెప్పారు. అంతే. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత మంచి ముఅల్లిమ్‌ను తాను చూడలేదని ఆ సహాబీ చెప్పుకున్నారు. కొత్త టీచర్లు దీన్నుంచి మూడు సంగతులు పట్టుకోవచ్చు. తప్పు జరిగిన క్షణంలోనే మీద పడలేదు, పని ముగిసేదాకా ఆగారు. "ఎందుకు చేశావ్?" అని నిలదీయలేదు, ఏం చెయ్యాలో చెప్పారు. నలుగురి గుడ్లురిమి చూపులు చెయ్యలేని పని ఒక్క మెత్తని మాటతో చేశారు.

పద్నాలుగో శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో, సఖ్తీతో పెరిగిన విద్యార్థులు అబద్ధాన్నీ మోసాన్నీ అలవాటు చేసుకుంటారని రాశారు. మనమేమో ఇంకా "మొక్కై వంగనిది మానై వంగునా" అని బెత్తం వెతుకుతాం. మొక్కను వంచే తోటమాలి దాన్ని కర్రతో బాదుతాడా? పక్కన కర్ర పాతి, వదులుగా దారం కడతాడు.

మరి ఆ దారం ఏంటి? మొదటిది పేరు. మొదటి వారంలోనే పిల్లలందరి పేర్లూ నోటికి రావాలి. రిజిస్టర్లో ఎస్.కె., ఎం.డి. అని ఉంటుంది. ఒక్కో క్లాసులో అరడజను మంది షేక్‌లుంటారు. "ఏయ్ ఎస్కే", "ఎండీ, లే" అని పిలిస్తే ఆ పిల్లకు పేరు లేనట్టే. పలకడం రాకపోతే పిల్లనే అడగండి, సంబరంగా నేర్పుతుంది. వేరేవాళ్లు మన పిల్లల పేర్లు విరిస్తే మనకు ఘుస్సా వస్తుంది, సహీ. మన ఉస్తాదే "గధే", "ఉల్లూ" అంటే మాత్రం నవ్వుకుంటాం. రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి.

రెండోది ఆదత్. గదిలోకి ఎలా రావాలి, మాట్లాడాలంటే ఏం చెయ్యాలి, రాయడం ముందే అయిపోతే ఏం చెయ్యాలి. ఈ మూడు చాలు. గోడ మీద పదిహేను రూల్సు రాసి అంటిస్తే ఎవరూ చదవరు. మనం పిల్లలకు వుజూ ఎలా నేర్పుతాం? పక్కన నిలబడి, చేసి చూపించి, వాళ్లతో చేయిస్తాం. క్లాసు పద్ధతీ అంతే. మొదటి పది రోజులు సిలబస్ వెనకబడుతుందని పరేషాన్ కావద్దు, రోజూ చేయించాలి. గోల పెరిగితే మీరూ గొంతు పెంచకండి. పాఠం ఆపి, మౌనంగా నిలబడండి. మాట్లాడుతున్నవాడి బెంచీ దగ్గరికి నడవండి. చెప్పాల్సిందేమైనా ఉంటే పీరియడ్ అయ్యాక పక్కకు పిలిచి చెప్పండి. నలుగురి ముందు పరువు పోయినవాడు ఆ పరువును నలుగురి ముందే తిరిగి సంపాదించాలనుకుంటాడు. రేపటి గొడవ అక్కడే పుడుతుంది.

మూడోది జబాన్. ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లలు తెలుగును గల్లీలో నేర్చుకుంటారు. "టీచర్, నువ్వు రా" అంటారు. వద్దనడానికి ధడ్‌మని "నక్కో" అనేస్తారు. అది బద్‌తమీజీ కాదు. వాళ్ల తెలుగులో "మీరు" ఇంకా చేరలేదు, అంతే. చెంప పగిలితే ఆ "మీరు" రాదు. "మీరు రండి అనాలి బేటా" అని పదిసార్లంటే వస్తుంది. అలాగే లేటుగా వచ్చినవాణ్ని బయట నిలబెట్టే ముందు ఎందుకని అడగండి. ఫజర్ తర్వాత మక్తబ్‌కు వెళ్లి వచ్చాడేమో, చిన్న చెల్లెల్ని అంగన్‌వాడీలో దించి వచ్చాడేమో. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో పనిచేసేవాళ్లకు జిమ్మేదారీ ఇంకా ఎక్కువ. అవమానపడ్డ పిల్లకు సాయంత్రం వెళ్లి ఏడవడానికి అక్కడ అమ్మీ ఒడి ఉండదు.

ఏడో క్లాసులోనో ఎనిమిదిలోనో బడి మానేసి మెకానిక్ షాపులో చేరిన పిల్లల్ని అడిగి చూడండి. ఘర్ కీ ముష్కిలాత్ సరే, దాని వెనక చాలాసార్లు ఏదో ఒకరోజు అందరిముందూ తిన్న దెబ్బో, పడ్డ మాటో ఉంటుంది. మన కౌమ్ తాలీమ్‌లో వెనకబడిందని జల్సాల్లో బాధపడతాం. బడి గేటు దగ్గరే ఆ తాలీమ్‌కు భయాన్ని జోడించి పంపిస్తాం.

అందుకే ఇంట్లోవాళ్లకు నా గుజారిష్. "ఉండు, టీచర్‌కు చెప్తా" అని పిల్లల్ని బెదిరించకండి, టీచరును భూతం చెయ్యకండి. కొట్టారని పిల్ల చెబితే "నువ్వే ఏదో చేసుంటావ్" అని నోరు మూయించకండి. టీచరుతో గొడవకూ దిగకండి, వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఈసారి గేటు దగ్గర పిల్లాడి పూరా పేరు చెప్పండి. వాడికి దేని మీద షౌఖో, దేనికి భయమో చెప్పండి. మీ ఫోన్ నంబరు ఇవ్వండి. హడ్డీ, చమ్డీ రెండూ పిల్లాడివే. వాటిని వాడి దగ్గరే ఉండనివ్వండి.