సాగర్ రోడ్డులో గ్రీకు దేవుడు
ఎల్‌బీ నగర్ దాటి సాగర్ రోడ్డెక్కిన పిల్లలకు మనం నాగార్జునసాగర్ డ్యామ్ గేట్లు చూపించి వెనక్కి తెస్తున్నాం. లాంచీలో నాగార్జునకొండకూ తీసుకెళ్లాలి. క్రీ.శ. 3వ శతాబ్దంలో అక్కడి లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో చెక్కిన ఒక మూర్తి గురించి చెప్పాలి: పలచటి గడ్డం, నడుం పైన బట్ట లేదు, చేతిలో తాగే కొమ్ము, కాళ్ల దగ్గర మద్యం పీపా. పండితులు అతన్ని గ్రీకుల ద్రాక్షాసవ దేవుడు డయోనిసస్‌గా పోల్చారు. అదే లోయలో రోమన్ బంగారు నాణేలూ దొరికాయి. దీన్ని ‘గ్రీకు ప్రభావం’ అని ఒక్క మాటతో తేల్చేస్తే నా మనసు ఒప్పుకోదు. దేవుడు పరాయివాడే, రాయి మాత్రం కృష్ణా ఒడ్డుది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, జలాశయం ముంచక ముందే ఆ లోయ శిల్పాలను కొండ మీదికి చేర్చారు. జలాశయం ఒడ్డునున్న అనుపులో, ఆ లోయ నుంచి తెచ్చి తిరిగి కట్టిన మెట్ల రంగస్థలంలో పిల్లల్ని కూర్చోబెట్టి, ఈ కథంతా చెప్పండి.