తాతగారి పైపు ఆస్తా, అప్పా?

చచ్చిపోయిన తాతగారి కట్టుడు పళ్ళ సెట్టు కడిగి తన నోట్లో పెట్టుకున్న మనవడిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ ఆలోచనకే కడుపులో తిప్పుతుంది. అదే తాతగారు ముప్పై నలభై ఏళ్ళు నోట్లో పెట్టుకుని, పళ్ళతో కొరికి గుంటలు చేసిన పొగాకు పైపు అయితే మాత్రం దాన్ని వారసత్వం అంటారు. అద్దాల బీరువాలో పెడతారు. ఇంకొంచెం అభిమానం ఉన్నవాళ్ళు ముట్టిస్తారు కూడా. రెండూ ఆయన నోట్లోవే కదా? ఒకటి అసహ్యం, ఇంకొకటి పవిత్రం ఎలా అయ్యాయి? ఈ మాట అడిగినందుకు మా కాలనీలో ఒక పెద్దమనిషి "నాస్తికులకి సెంటిమెంట్లు ఉండవు" అన్నారు.

నాకు సెంటిమెంట్లు ఉన్నాయి. లెక్కలు కూడా ఉన్నాయి. బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. వోచరు లేని ఎంట్రీని ఒప్పుకోకూడదనీ, ఆస్తి చూపించి అప్పు దాచిన బ్యాలెన్స్ షీటు మీద సంతకం పెట్టకూడదనీ ఆ ఉద్యోగం నేర్పింది. ఈ వ్యాసానికి ఆ రెండు సూత్రాలు చాలు.

అసలు సంగతి ఇది. ఇక్కడ గోవింద్‌పూర్‌లో మాకు తెలిసిన ఒక తెలుగు ఇంట్లో పెద్దాయన సంవత్సరీకం జరిగింది. విస్తరి పక్కన ఆయన పైపు పెట్టారు, పొగాకు కూరి మరీ. కార్యక్రమం అయ్యాక మనవడు దాన్ని ముట్టించాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఆదిత్యపూర్‌లో చిన్న ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్నాడు. అంతవరకు సిగరెట్టు కూడా ముట్టని కుర్రాడు. మేనత్త "అచ్చం మా నాన్నే" అని కళ్ళు తుడుచుకుంది. నేను అడిగితే ఆ కుర్రాడు "ఏడాదికి ఒక్కసారే కదా అంకుల్, తాతయ్య పక్కన కూచున్నట్టుంటుంది" అన్నాడు. ఎగతాళి చెయ్యాల్సిన మాట కాదు అది. జవాబు చెప్పాల్సిన మాట.

ముందు, పైపు మన ఇళ్ళకి ఎలా వచ్చిందో చూద్దాం. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నించి జంషెడ్‌పూర్ వచ్చిన మనవాళ్ళది చుట్ట. పైపు కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ పెట్టారు, 1912లో సాక్చిలో మొదటి ఉక్కు దిమ్మ తీశారు. ఆ తొలి రోజుల్లో పై ఉద్యోగాల్లో అమెరికన్లు, ఇంగ్లీషువాళ్ళు ఉండేవారు. పైపు దొరల నోట్లో ఉండేది, చుట్ట కూలీ నోట్లో ఉండేది. కూలీ కొడుకు ఫోర్‌మన్ అయ్యాక చుట్ట పారేసి పైపు పట్టాడు. అది హోదా. మా నాన్న పట్టింది కూడా అందుకే.

ఇంకా వెనక్కి వెళ్తే పొగాకే మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండాల నించి పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. అసద్ బేగ్ అనే అధికారి బీజాపూర్ నించి పొగాకునీ, రత్నాలు పొదిగిన పైపునీ తెచ్చి అక్బర్‌కి సమర్పించాడు. అక్బర్ ఆఖరి రోజుల ముచ్చట అది. తెలియని వస్తువు వద్దని ఆస్థాన వైద్యుడు అప్పుడే అభ్యంతరం చెప్పాడు. 1617లో జహంగీర్ పొగాకుని నిషేధించాడు, ఎవరూ లెక్కచెయ్యలేదు. కాబట్టి "అనాదిగా వస్తున్న ఆచారం" అన్న ఎంట్రీకి వోచరు లేదు. కన్యాశుల్కంలో గిరీశం పొగాకుని అమృతంతో ముడిపెట్టి పద్యం చదువుతాడు. అది గురజాడ వేళాకోళం అని తెలియక నిజంగానే పురాణంలో ఉందనుకున్న వాళ్ళు నాకు ఇద్దరు తగిలారు!

ఇక తాతయ్య పక్కన కూచున్నట్టు ఉండడం గురించి. ఒకసారి ఒక మనిషికి తగిలిన వస్తువులో ఆ మనిషి ఎంతో కొంత మిగిలిపోతాడని నమ్మడాన్ని ఫ్రేజర్ 1890లో వేసిన 'గోల్డెన్ బౌ'లో వివరించాడు. తరవాత పాల్ రోజిన్, కెరొల్ నెమెరాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చదువుకున్న అమెరికన్లనే అడిగారు: హిట్లర్ వేసుకున్న స్వెట్టరు శుభ్రంగా ఉతికి ఇస్తే వేసుకుంటారా? చాలామంది ఛీ అన్నారు. ఉతికినా పోని చెడు ఏదో అందులో ఉన్నట్టు అనిపించింది వాళ్ళకి. తాత పైపులో ఉతికినా పోని మంచి ఉన్నట్టు అనిపించడం కూడా ఆ లెక్కే. ఈ భావన మనుషులందరిలో ఉంది, నాలోనూ ఉంది. ఉండటం తప్పు కాదు. దాన్ని సాక్ష్యంగా తీసుకోవడం తప్పు.

పైపు తాగేవాళ్ళ భాషలో ఒక తమాషా ఉంది. మంచి పైపులు మధ్యధరా ప్రాంతంలో పెరిగే బ్రయర్ అనే పొద వేరుబొడిపెతో చేస్తారు. ఆ చెక్క పాత పొగాకు వాసన పీల్చుకుంటుంది. పైపులో కొత్త పొగాకు వేసినా పాత వాసన వస్తుంటే దాన్ని వాళ్ళు "దెయ్యం" అంటారు! తాతయ్య పైపులో తాతయ్య వాసన వస్తోందని ఏడ్చిన మేనత్త అబద్ధం చెప్పలేదు. ఆ వాసన నిజమే. అది చెక్కలో ఇంకిన తారు. పైపు గిన్నెలో ఉప్పు నింపి, స్పిరిట్ పోసి ఒక రాత్రి ఉంచితే చాలావరకు పోతుంది. ఉప్పుకీ స్పిరిట్‌కీ పారిపోయే దానిని ఆత్మ అనడం ఆత్మవాదులకే అవమానం.

ఆ ఇంట్లోవాళ్ళు ఇంకో కథ కూడా చెప్పారు. ఆ పైపు స్వాతంత్ర్యానికి ముందు ఒక దొర బహుమతిగా ఇచ్చాడట. చేతిలోకి తీసుకుని చూశాను. ఆ కాలపు పైపుల్లో నోట్లో పెట్టుకునే ముక్క గట్టి రబ్బరుది, ఎబొనైట్ అంటారు. పాతబడితే అది పసుపు, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకి తిరుగుతుంది. ఈ ముక్క తళతళలాడే ప్లాస్టిక్. "మధ్యలో మార్పించి ఉంటారు" అన్నారు. కావచ్చు, ఒప్పుకున్నాను. కానీ అప్పుడు దొరగారి పెదవి తగిలిన ముక్క ఎప్పుడో చెత్తబుట్టలో పడిపోయింది కదా? ఎవరూ జవాబు చెప్పలేదు. టీ తెచ్చారు.

ఇప్పుడు అప్పుల వైపు చూద్దాం. పైపు పొగ లోపలికి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదని చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదికే పైపుకీ పెదవి కాన్సర్‌కీ కార్యకారణ సంబంధం ఉందని తేల్చింది. 2004లో అమెరికన్ కాన్సర్ సొసైటీ పరిశోధకులు 1,38,307 మంది మగవాళ్ళ వివరాలు చూశారు. పైపు మాత్రమే తాగేవాళ్ళలో ఊపిరితిత్తుల కాన్సర్ చావులు, ఏదీ తాగనివాళ్ళలో కంటే సుమారు 5 రెట్లు. సిగరెట్టు కంటే తక్కువే, నిజం. కానీ "తక్కువ" వేరు, "లేదు" వేరు.

మన దగ్గరి లెక్క ఇంకా ముఖ్యం. 1960లలో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వాళ్ళు, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి, అయిదు జిల్లాల్లో 50,915 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించారు. ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి, సింగ్‌భూమ్ ఒకటి. నేను పుట్టిన జిల్లా, నేను ఉంటున్న జిల్లా! సింగ్‌భూమ్ తరవాత విడిపోయి జంషెడ్‌పూర్ తూర్పు సింగ్‌భూమ్‌లోకి వచ్చింది. శ్రీకాకుళంలో చూసిన 10,169 మందిలో నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగేవాళ్ళే. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. అంగిలి మీద తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, కొందరికి కాన్సర్.

మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. అలా ఎందుకని అడిగితే ఊళ్ళో తలో కారణం చెప్పేవారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా అని ఒకరు, తడి చేతుల పనిలో చుట్ట నానకుండా అని ఒకరు. నాయనమ్మ మాత్రం "మా యమ్మ కాల్చింది, నాను కాలుస్తన్నాను" అనేది. వారసత్వం అంటే అది. ఆ తల్లి నించి కూతురికి వచ్చింది వస్తువు కాదు, అలవాటు. ఆవిడకి అంగిట్లో పుండు లేచింది. దాంతోనే పోయింది.

నా ప్రశ్న ఇక్కడ ఉంది. తాతగారి పైపు బీరువాలో పెట్టిన ఏ ఇంట్లోనైనా నాయనమ్మ చుట్టముక్క పెట్టారా? మా నాన్న పైపు గురించి చుట్టాలందరూ మాట్లాడతారు. నాయనమ్మ అడ్డపొగ మాటెత్తితే గొంతు తగ్గిస్తారు. పొగాకు ఒకటే, రోగం ఒకటే. పైపు పెద్దరికం అయింది, అడ్డపొగ నామోషీ అయింది. మనం దాచుకుంటున్నది పెద్దల జ్ఞాపకం అయితే ఇద్దరిదీ దాచుకోవాలి. దాచుకుంటున్నది దొరతనం అయితే ఆ మాట ఒప్పుకోవాలి. మా జిల్లాల్లో సంక్రాంతికి పెద్దలకు పెట్టేటప్పుడు విస్తట్లో చుట్ట కూడా పెట్టే ఇళ్ళున్నాయి. ఏ రోగం ఆ మనిషిని తీసుకుపోయిందో ఆ రోగపు కారణాన్నే నైవేద్యం పెట్టడం నాకు మింగుడు పడదు.

"పెద్దల నించి వచ్చింది కాదనకూడదు" అనేవాళ్ళకి ఒక చట్టం ముక్క చెప్తాను. తండ్రి అప్పు కొడుకు తీర్చాలని చెప్పిన మన ధర్మశాస్త్రాలే, తాగుడికీ జూదానికీ చేసిన అప్పు మాత్రం తీర్చనక్కర్లేదన్నాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక, కేవలం కొడుకు ధర్మం అనే కారణం మీద కొత్త అప్పుల్ని కొడుకు, మనవడు, మునిమనవడు మీద వసూలు చెయ్యడానికి వీల్లేదు. మనువే మినహాయించిన పద్దుని మనం ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

ఆ కుర్రాడు ఏడాదికొకసారి రెండు దమ్ములు లాగితే కాన్సర్ వస్తుందని నేను అనలేదు. అలా భయపెట్టడం మన పద్ధతి కాదు, అబద్ధం కూడా. కానీ నికోటిన్‌కి సంవత్సరీకం తేదీ తెలియదు. పైగా ఇంటిల్లిపాదీ కళ్ళనీళ్ళతో మెచ్చుకుంటుండగా వేసిన మొదటి దమ్ము, బడ్డీకొట్టు వెనక దొంగతనంగా వేసినదానికంటే గట్టిగా పట్టుకుంటుంది. అలవాటు కర్మ కాదని శ్రీకాకుళమే చూపించింది. ఆ పరిశోధకులే శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ళని ఎంచుకుని, విడమరిచి చెప్పి, ఏళ్ళ తరబడి గమనించి 1986లో ఫలితాలు ప్రకటించారు. చెప్తే కొందరు మానేశారు, ఇంకొందరు తగ్గించారు. శాపమూ లేదు, ప్రాయశ్చిత్తమూ లేదు. ఎవరో ఒకరు ఇంటికి వచ్చి, నోరు తెరిపించి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అంతే.

పైపుల్ని పారెయ్యమని నేను చెప్పను. మా నాన్న పైపు నా దగ్గరే ఉంది. 1996లో ఆయన గొంతు కాన్సర్‌తో పోయారు. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన ఆఖరి కాగితం, ఆ పైపు ఒకే కవర్లో పెట్టాను. ఎవరైనా చూపించమంటే రెండూ కలిపే చూపిస్తాను. నాయనమ్మది వస్తువేమీ మిగల్లేదు, ఫోటో కూడా లేదు. అందుకని ఒక కాగితం మీద ఆవిడ పేరు, ఊరు, రోజుకి ఎన్ని చుట్టలు కాల్చేదో, ఏం పాటలు పాడేదో, ఎలా పోయిందో రాసి అదే కవర్లో పెట్టాను. మా అమ్మాయి మొన్న వచ్చినప్పుడు అది చదివింది. పైపుని ముట్టుకోలేదు. "తాతమ్మ ఆఖర్న ఏం తినగలిగేది నాన్నా?" అని అడిగింది. గంజి, అదీ చల్లారాక, అని చెప్పాను.