రవ్వముద్ద లెక్క

బాస్, ట్రెబుల్ అనే మాటలకు తెలుగేమిటని మా కాలేజీలో సైన్సు విద్యార్థి ఒకడు అడిగాడు. "మంద్రం, తారం అనవచ్చునా మేడమ్?" అని జవాబు కూడా తనే ఇచ్చాడు. అనవచ్చు. నిఘంటువుకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా సంగీతానికే.

లెక్క చూడండి. ఐదు శ్రుతిలో పాడే గాయని మధ్యస్థాయి షడ్జమం సెకనుకు 196 కంపనాలు. హెర్ట్జ్ అన్నా అదే. తార షడ్జమం దానికి రెట్టింపు, 392. సభ అంతా తలలూపేటట్టు తారస్థాయి పంచమం అందుకున్నా 600 దాటదు. హెడ్‌ఫోన్‌కు పెట్టే ట్రెబుల్ మీట గట్టిగా పనిచేసేది రెండు మూడు వేల కంపనాలకు పైన. కనక ఆ మీటను ఎంత తోసినా ఆమె స్వరస్థానం కదలదు. మారేవి స్వరాన్ని అంటిపెట్టుకుని వుండే పై కంపనాలు, వాటితోబాటు హల్లులు.

హల్లులనగానే తెలుగు పంతులమ్మకు ప్రాణం లేచివస్తుంది. అచ్చుల బలమంతా కింది కంపనాల్లో వుంటుంది. ఊష్మాల బుస పైన వుంటుంది. తాలవ్యమైన "శ" బుస రెండున్నర, మూడు వేల దగ్గిర మొదలైతే, దంత్యమైన "స" బుస నాలుగయిదు వేలకు పైనే. పాత టెలిఫోను 3400 కంపనాలకు పైనున్న దాన్ని మోసేది కాదు. అందుకే పేరులో అక్షరం చెప్పినప్పుడు "ఎస్ అన్నారా, ఎఫ్ అన్నారా?" అని అవతలివాళ్ళు మళ్ళీ అడగవలసి వచ్చేది. ట్రెబుల్ బాగా తగ్గిస్తే గాయని నోట్లో దూది పెట్టుకుని పాడినట్టుంటుంది. బాగా పెంచితే ప్రతి "స" సూదిలాగా చెవిలో దిగుతుంది.

ఈ రెండు మీటల ఆచారం కొత్తదేమీ కాదు. 1952లో ఇంగ్లండులో పీటర్ బాక్సండాల్ అనే ఇంజనీరు "వైర్‌లెస్ వరల్డ్" పత్రికలో ఒక చిన్న ఏర్పాటును ప్రకటించాడు. ఒక మీట కింది కంపనాలను హెచ్చించడానికీ తగ్గించడానికీ, రెండోది పైవాటికి. రెండూ నడిమధ్య వుంటే శబ్దం వచ్చింది వచ్చినట్టు పోతుంది. తరువాత ఇళ్ళలోకి వచ్చిన ఆంప్లిఫయర్లు ఎన్నింటిలోనో ఆ ఏర్పాటే. ఈనాటి కంప్యూటరులో రెండు మీటలకు బదులు పది కనబడవచ్చు. ఉద్దేశం మాత్రం మారలేదు. నడిమధ్య సున్నా అని ఒక గుర్తు వుంటుందే, దాన్ని మరచిపోయేవాళ్ళే ఎక్కువ.

మా అన్నయ్య కొడుకు మా ఇంట్లో వుండి ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవుల్లో సంపాదించుకున్న డబ్బు ముప్ఫైవేలు పోసి హెడ్‌ఫోన్ కొన్నాడు. అది ఇంటికి వచ్చిన సాయంత్రమే బాస్ మీటను చివరికంటా తోశాడు. రాత్రి పది దాటాక "కౌంటర్ స్ట్రైక్" ఆట. ఆ ఆటలో తుపాకులకంటె ముఖ్యమైనది అడుగుల చప్పుడు. శత్రువు గోడవెనక ఎటు నడుస్తున్నాడో విని తెలుసుకోవాలి.

ఒకనాటి పొద్దున కాఫీ దగ్గిర, "అత్తా, చెవిలో కీచురాయి కూస్తోంది" అన్నాడు.

"రాత్రి ఎన్నిసార్లు చచ్చావురా?"

"పదకొండు."

"ఎటునించి వచ్చి చంపారు?"

"వెనకనించే. అడుగులు వినబడలేదు. ఈ హెడ్‌ఫోన్‌లో సౌండు చాలదత్తా. ఇంకా పెంచాలి."

సౌండు చాలకపోవడమా! పెళ్ళి ఊరేగింపులో డోలు పక్కన నిలబడ్డవాడికి పెళ్ళికూతురి గాజుల చప్పుడు వినబడుతుందా? గాజుల చప్పుడు లేక కాదు. డోలు దాన్ని మింగేస్తోంది. అమెరికాలో వెగెల్, లేన్ అనే ఇద్దరు 1924లోనే ఈ సంగతిని కొలిచి చూపించారు. గట్టిగా వున్న కింది ధ్వని తనకంటె పైనున్న సన్న ధ్వనులను కప్పివేస్తుంది. పై ధ్వని కింది ధ్వనిని అంత సులువుగా కప్పలేదు. చెవి నిర్మాణమే అటువంటిది. మావాడు బాంబు పేలుడును కడుపులో మోగేటట్టు పెంచుకున్నాడు. ఆ మోత కింద అడుగులు అణగిపోయాయి. అడుగులు వినబడాలని మొత్తం శబ్దం పెంచాడు. పేలుడు మరింత పెరిగింది. ఇక కీచురాయి కూయక ఏం చేస్తుంది?

దిక్కు తెలియడానికి కూడా పై కంపనాలు కావాలి. ధ్వని కుడినించా ఎడమనించా అన్నది రెండు చెవులకూ చేరే కాలభేదాన్నిబట్టి, బలభేదాన్నిబట్టి తెలుస్తుంది. ముందునించా వెనకనించా, పైనించా కిందనించా అన్నది చెప్పేవి చెవిదొప్ప మడతలు. ఆ మడతలు పట్టి మార్చగలిగేది నాలుగయిదు వేల కంపనాలకు పైనున్న ధ్వనులనే. ఆట తయారుచేసినవాళ్ళు ఆ మార్పులను లెక్కకట్టి శబ్దంలో కలుపుతారు. బాస్ హోరులో ఆ లెక్క కాస్తా గంగలో కలుస్తుంది.

మీటలన్నీ సున్నాకు తెప్పించాను. తరువాత 100 కంపనాలకు దిగువన నాలుగు డెసిబెళ్ళు తగ్గించమన్నాను. రెండు వేలకూ నాలుగు వేలకూ నడుమ రెండే రెండు పెంచమన్నాను. "బాస్ లేకపోతే మజా ఏముందత్తా!" అని గునిసినా చేశాడు. అడుగులు వినబడ్డాయి. అడుగులు వినబడేసరికి మొత్తం శబ్దం తనంతట తనే తగ్గించాడు. నాకు కావలసింది అదే. పందెం గెలిచాడని మాత్రం చెప్పను. ఇప్పుడు ఎవరు ఎటునించి వస్తున్నారో తెలిసి చస్తున్నాడు.

ఆ మొత్తం శబ్దం తగ్గడంలోనే వుంది అసలు విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెళ్ళలో వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు 75 దాటకూడదు. ప్రతి మూడు డెసిబెళ్ళకూ గంటలు సగమవుతాయి. 83కి ఇరవై గంటలు, 86కి పది, 89కి అయిదు. మావాడి ఆట ముందు అయిదు గంటలు ఒక మూలకు చాలవు. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని కణాలు ఒక్కొక్క వైపు దాదాపు పదిహేను వేలు. మనిషికి అవి పోతే మళ్ళీ మొలవవు. హోరువల్ల దెబ్బ ముందుగా తగిలేది మూడు వేలకూ ఆరు వేలకూ నడుమ కంపనాలను పట్టే చోట. అంటే సరిగ్గా మన ఊష్మాలు కాపురముండే చోట! అది దెబ్బతిన్నవాడు ఎదుటివాడి గొంతు వింటాడు; మాట మాత్రం పోల్చుకోలేడు. "గట్టిగా చెప్పండి" అంటాడు. గట్టిగా చెప్పినా అచ్చులే పెరుగుతాయిగాని, పోయిన "స" తిరిగి రాదు. ఆట అయ్యాక చెవి గింగురుమంటే ఆ పూటకు హెడ్‌ఫోన్ తీసి పెట్టాలి. గింగురు తగ్గకపోయినా, వినికిడి మందగించినా మీట దగ్గిరకు కాదు, చెవి డాక్టరు దగ్గిరకు వెళ్ళాలి.

"ఇంత ఖరీదు పెట్టి కొన్నాక మళ్ళీ ఈ సర్దుబాటు ఎందుకండీ?" అని మా స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు అడిగారు. ఖరీదైన పట్టుచీరకు మాత్రం జాకెట్టు కొలత చూసి కుట్టించరా? సెన్‌హైజర్ కంపెనీ 2009లో తెచ్చిన హెచ్‌డి 800 చాలా పేరున్న హెడ్‌ఫోన్. దానికి ఆరు వేల కంపనాల దగ్గిర కాస్త పదును ఎక్కువ. 2016లో వచ్చిన హెచ్‌డి 800 ఎస్‌లో ఆ పదునును పీల్చుకునే ఏర్పాటు చేశారు. అంతటి వస్తువుకే సవరణ అవసరమైంది. పైగా మన చెవులు, మన తలలు ఒక్కలాంటివి కావు.

మీట ముట్టుకునే ముందు హెడ్‌ఫోన్ తలమీద ఎలా కూర్చుందో చూసుకోండి. నాలాగా కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. మూతరకం హెడ్‌ఫోన్‌లో జోడు కాడ మెత్తను కాస్త ఎత్తితే చాలు, ఆ సందులోంచి బాస్ అంతా జారిపోతుంది. మెత్తలు అరిగినా అంతే. మెత్తలు మార్చితే పోయేదానికి మీటతో కుస్తీ పట్టడం దండగ. వెనక తెరిచివుండే రకంలో మరీ అడుగు కంపనాలు సహజంగానే తక్కువ. వాటిని బలవంతాన పెంచితే లోపలి పొర తట్టుకోలేక గరగరమంటుంది.

తరువాత రెండు రోజులపాటు సున్నాలోనే వినండి. చెవికి అలవాటు పడే వ్యవధి ఇవ్వాలి. అప్పుడు కూడా పెంచడంకంటె తగ్గించడం మంచిది. గొంతు వినబడలేదా? గొంతును పెంచకండి, దాన్ని కప్పుతున్నదేదో చూసి తగ్గించండి. ఒకసారికి రెండు డెసిబెళ్ళు చాలు. ఎక్కడైనా ఆరు పెంచితే మొత్తం మీద ఆరు తగ్గించాలి. లేకపోతే శబ్దం పైకప్పుకు తగిలి తల పగిలినట్టు బొరబొరమంటుంది. ఏది బాగుందో పోల్చేటప్పుడు రెండూ ఒకే గట్టితనంలో వుండాలి. రవంత గట్టిగా వున్నదే బాగున్నట్టు చెవి మనని మోసం చేస్తుంది.

చెవికి ఇంకొక స్వభావం వుంది. శబ్దం చిన్నదిగా వున్నప్పుడు కింది కంపనాలు దానికి సరిగా అందవు. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనేవాళ్ళు 1933లో దీన్ని కొలిచి ప్రకటించారు. కనక అర్ధరాత్రి అందరూ పడుకున్నాక మెల్లిగా పాట వినేవాళ్ళు బాస్ రవంత పెంచుకుంటే తప్పులేదు. పగలు శబ్దం పెంచినప్పుడు దాన్ని మళ్ళీ దించాలి.

ఆటకు పెట్టిన అమరికతో కచేరీ వినకూడదు. మావాడు ఆ మీటలతోనే నాచేత వీణ వినిపించాడు. వీణ రేకుడబ్బా అయింది. సంగీతానికి మంద్రమూ కావాలి. ఐదు శ్రుతి తంబురలో మంద్ర షడ్జమం 98 కంపనాలు. అది తగ్గితే కచేరీకి నేల లేనట్టే. బ్రిడ్జికీ తీగెకూ నడుమ పెట్టిన దారపు పోగువల్ల పుట్టే ఝంకారం వేల కంపనాల్లో వుంటుంది. అది తగ్గితే తంబుర మూగబోతుంది. అందుకని ఆటకొకటి, పాటకొకటి వేరువేరుగా దాచుకోవాలి. పాత సినిమా పాటలకు మూడోది వుంటే మరీ మంచిది. 1957 నాటి "మాయాబజార్" పాటల్లాంటివి ఆనాటి ఫిల్ము అంచున గీతగా ముద్రించిన శబ్దం. అందులో మరీ కిందివీ, మరీ పైవీ వుండవు. బాస్ పెంచితే గుంయిమంటుంది, ట్రెబుల్ పెంచితే నూనె మరిగినట్టు సయ్యిమంటుంది. ఘంటసాలగారి గొంతు నడుమనే వుంది. దాని జోలికి పోకుండా వుంటే చాలు.

బాస్ సవరించే విద్య బాక్సండాల్‌కంటె చాలా ముందే మనవాళ్ళకు తెలుసు. కచేరీకి ముందు మృదంగ విద్వాంసుణ్ణి గమనించండి. బొంబాయిరవ్వ తడిపి ముద్దచేసి ఎడమ మూత నడుమ అద్దుతాడు. బరువు పెరిగినకొద్దీ నాదం కిందికి దిగుతుంది. అద్ది తడతాడు, వింటాడు, గోటితో చిటికెడు గిల్లి తీసేస్తాడు, మళ్ళీ తడతాడు. కుడి మూత మీద నల్లటి కరణి శాశ్వతంగా వుంటుంది. దానివల్ల ఆ నాదంలోని పై కంపనాలు స్వరబద్ధంగా ఎలా అమరుతాయో సి.వి. రామన్ గారు 1920లోనూ, 1934లోనూ రాశారు. రవ్వ మాత్రం ఆ పూటకే. కచేరీ అవగానే గీకేస్తారు. మర్నాడు గాయకుడు వేరు, శ్రుతి వేరు. మీట వాడవలసిన తీరు ఇదే. చిటికెడు వేయాలి, వినాలి, ఎక్కువైతే గిల్లాలి, పని అయ్యాక సున్నాకు తేవాలి.

ఇన్ని లెక్కలు ఎవరు చూస్తారంటారా? ఖర్చులేని పరీక్ష ఒకటి చెబుతాను. ఈ పత్రికలో సీరియల్ చివర ఒక మాట వుంటుంది: "సశేషం." దంత్యం, తాలవ్యం, మూర్ధన్యం, మూడు ఊష్మాలూ ఆ చిన్న మాటలో వరసగా కూర్చున్నాయి. ఎవరిచేతనైనా ఆ మాట చెప్పించి ఫోనులో పట్టుకుని, హెడ్‌ఫోన్‌లో నిదానమైన శబ్దంతో వినండి. మూడూ మూడుగా వినబడి, ఏదీ గుచ్చుకోకుండా వుంటే మీ మీటలూ చెవులూ క్షేమంగా వున్నట్టే. చెప్పేవాళ్ళు మూడింటినీ మూడుగా పలకగలిగినవాళ్ళయి వుండాలి సుమా. దొరకకపోతే ఏ తెలుగు పంతులమ్మనైనా అడగండి.