కమీషను తీసుకుని "ప్రభువు ద్వారం తెరిచాడు" అనవచ్చా?

ఆదివారం కూటంలో ఒక సోదరుడు సాక్ష్యానికి లేస్తాడు. "మా ఊరి నుంచి నలుగురిని ఇక్కడికి తీసుకురావడానికి దేవుడు నన్ను వాడుకున్నాడు" అంటాడు. అందరం స్తోత్రం చెబుతాం. ఆ నలుగురి దగ్గర ఏజెంటు ఎంత గుంజాడు, అందులో ఈ సోదరుడికి ఎంత ముట్టింది అన్నది మాత్రం సాక్ష్యంలో రాదు.

ఏజెంట్లను తిట్టడం సులువు. ఈ వారం మన సంగతి మాట్లాడుకుందాం. ఏజెంటుకు మన ఊళ్లో పరపతి లేదు. అది మనకుంది. "మా బావ అక్కడే ఉన్నాడు, అన్నీ చూసుకుంటాడు" అన్న ఒక్క మాట మీద పొలం తాకట్టుకు వెళ్తుంది. ఆ మాటకు ఏజెంటు కట్టే ధరే మన కమీషను.

విశ్వాసులం కాబట్టి మనకు సాకులు కూడా భక్తిగానే దొరుకుతాయి. "నేను కాకపోతే ఇంకొకడు తీసుకుంటాడు" అని అందరూ అనేదే. దాని మీద మనం ఇంకొన్ని కలుపుతాం. దశమభాగం ఇస్తున్నాను కదా. ఊళ్లో చర్చికి స్లాబు వేయించాను కదా. ప్రభువు చిత్తం లేకపోతే వీసా వచ్చేదా? ఈ చివరిది మరీ ప్రమాదం. మన తప్పు మీద దేవుడి సంతకం పెట్టేస్తుంది.

సౌలు రాజు చేసింది ఇదే. అమాలేకీయుల పశువుల్లో మంచివి ఉంచుకుని, సమూయేలు అడిగితే జనం బలి కోసం తెచ్చారన్నాడు. గొర్రెల అరుపులు వినపడుతూనే ఉన్నాయి. అహరోను మరీ విచిత్రం. బంగారం నిప్పులో వేస్తే దూడ అయి వచ్చిందట! కమీషను కూడా మన జేబులోకి అలాగే వచ్చిందంటాం.

ఈ దేశంలో, మనవాళ్ల మధ్య జరిగిందే చూడండి. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ ఉండేది. తనది క్రైస్తవ విద్యాసంస్థ అని చెప్పుకునేది. 2011 జనవరిలో అధికారులు దాడి చేసేసరికి అందులో వెయ్యి మందికి పైగా విద్యార్థులున్నారు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు వేశారు. స్థాపకురాలు సూసన్ సూకు 2014లో 16 సంవత్సరాలకు పైగా జైలు శిక్ష పడింది. చాలామంది పిల్లలు మోసపోయి చేరినవాళ్లే. అయితే కొత్తవారిని చేర్పించిన విద్యార్థికి వారి ఫీజులో 20 శాతం దాకా వాటా ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడ ఉండేది. ఆ వాటా తీసుకున్నవాడు స్నేహితుడికి సాయం చేశాననే అనుకుని ఉంటాడు.

క్యాంపు బతుకు తెలిసిన మనకు సిగ్నల్ ఇంటర్నేషనల్ కథ ఇంకా దగ్గర. 2005లో కత్రినా తుఫాను వచ్చాక మిసిసిపీలోని పాస్కగూలాకూ, టెక్సాస్‌లోని ఆరెంజ్‌కూ భారతదేశం నుంచి సుమారు 500 మంది వెల్డర్లను, పైపు ఫిట్టర్లను తెచ్చారు. గ్రీన్ కార్డు వస్తుందని నమ్మించి మనిషికి 10,000 డాలర్లు, అంతకన్నా ఎక్కువ కూడా వసూలు చేశారు. ఒక్కో ట్రైలరులో 24 మంది వరకు పడుకున్నారు. అందుకుగాను నెలకు 1,050 డాలర్లు జీతంలో కోశారు. 2008 మార్చిలో వాళ్లు హెల్మెట్లు నేలకేసి బయటికి నడిచారు. 2015లో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ కంపెనీతో పాటు నియామక ఏజెంటునూ, లాయరునూ బాధ్యులుగా తేల్చి, అయిదుగురు కార్మికులకు 1 కోటి 41 లక్షల డాలర్లు ఇమ్మంది.

"మాకూ అప్పుంది, ఎలా తీర్చాలి?" అని అడుగుతారు. ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోం. నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తుంటే కంటికి కునుకు రాదు. మోసపోయి వచ్చినవాడిని మేము తప్పు పట్టం. మన అప్పు దించుకోవడానికి అదే అప్పు మేనల్లుడి నెత్తికెత్తడం దగ్గరే మా పేచీ.

పాస్టరు గార్లకూ ఒక మనవి. జక్కయ్య కానుక పెంచుతానని చెప్పి తప్పించుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది ఎవరి దగ్గర తీసుకున్నాడో వారికే నాలుగంతలు ఇస్తానన్నాడు. నాలుగంతలు మనవల్ల కాకపోవచ్చు. తీసుకున్నంత అయినా నెలకు వంద డాలర్ల చొప్పున ఆ ఇంటికి పంపవచ్చు. అలాంటి సోదరుడు ఉంటే, అతని పేరు మీద వచ్చే కానుకను కొన్నాళ్లు ఆపుకోమని మీరే చెప్పండి.

ఇక ఊరి నుంచి "అన్నా, నన్నూ పిలిపించు" అని ఫోను వస్తే, పే స్లిప్పు చేతిలో పెట్టుకుని చదివి వినిపించండి. గంటకు ఎంత, వారానికి ఎన్ని గంటలు, గదికి ఎంత కోశారు, చివరికి చేతికి ఎంత వచ్చింది. హెచ్-2బి వీసా మీద తీసుకెళ్లేవాడు ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర రుసుము వసూలు చేయకూడదని అమెరికా నిబంధన ఉందనీ చెప్పండి. అంతా విన్నాక రావడమా, మానడమా అన్నది ఆ తమ్ముడి ఇష్టం.