వెనుక నిలిచినవాని పాట

పదిమంది కలిసి పాడునపుడు మన చెవి ముందు నిలిచినవారి గొంతునే పట్టుకొనును. వెనుక నిలిచి వాయించువానికిని స్వంతముగా చెప్పవలసిన మాట యొకటి యుండునని మనము సాధారణముగా తలంపము. ఈ పొరపాటు నేనును చేసితిని. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున పుట్టి లోకప్రసిద్ధి కెక్కిన బీటిల్స్ అను రాక్ సంగీత బృందపు పాటలను చిరకాలముగా వినుచున్నను, అందలి ముఖ్య గిటారువాదకుడగు జార్జి హారిసన్ తన పేరిట విడిగా వెలువరించిన ఆల్బములను ఇటీవలనే వింటిని. వినిన పిమ్మట నాకు కలిగిన యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాను.

1943లో జన్మించిన హారిసన్ ఆ నలుగురిలో చిన్నవాడు. పాటలు కట్టుట యెక్కువగా జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీల వంతుగా నుండెను. 1966లో వచ్చిన 'రివాల్వర్' ఆల్బములోని 14 పాటలలో హారిసన్‌వి మూడు. మరుసటి యేట వచ్చిన 'సార్జెంట్ పెప్పర్' ఆల్బములోని 13 పాటలలో ఒక్కటే. అతనికి మనస్తాపము కలుగకపోలేదు. 1969 జనవరిలో కొన్ని దినములు బృందమును విడిచిపోయి మరల వచ్చెను. అయినను పాటలు కట్టుట మాత్రము మానలేదు.

1968లోనే అతడు బొంబాయికి వచ్చి, ఒక చలనచిత్రమునకై మన వాద్యకారులచే షెహనాయి, సితారు మున్నగు వాద్యములను వాయింపించి, 'వండర్‌వాల్ మ్యూజిక్' అను తన మొదటి ఆల్బమును సిద్ధపరచెను. 1970లో బృందము విడిపోగా, ఆ నవంబరులోనే 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అను ఆల్బమును మూడు రికార్డులుగా వెలువరించెను. ఆ పేరుగల పాటను బృందమువారు 1969లో అభ్యసించియు తమ ఆల్బములో చేర్చుకొనలేదు. అందలి మరియొక పాట 1966 నాటిది. చోటు దొరకక నిలిచిపోయిన పాటలే పిదప లక్షలమందికి ప్రియమైనవి.

రాక్ సంగీతము వట్టి రణగొణధ్వని యనియు, పిల్లలకు తగదనియు పెద్దలు కొందరందురు. అట్టి పాటలును లేకపోలేదు. కాని ఈ ఆల్బములలో ప్రార్థన కలదు, లోకము అశాశ్వతమను చింతన కలదు. దానికి తగిన క్రియయు కలదు. 1971 ఆగష్టు 1వ తేదీన, రవిశంకర్‌గారి కోరికపై, హారిసన్ న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థులకై రెండు కచేరీలు జరిపించెను. సుమారు 40,000 మంది వచ్చిరి. టిక్కెట్లవలన వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు బాలల సహాయమునకై యూనిసెఫ్ సంస్థకు చేరెను.

అతని దోషమును దాచరాదు. 'మై స్వీట్ లార్డ్' అను ప్రసిద్ధగీతపు స్వరము అంతకుముందటి వేరొక పాట స్వరమును, తెలియకయే యైనను, అనుసరించినదని 1976లో అమెరికా న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఎప్పుడో వినినదానిని మనదే యనుకొనుట ఎంత సులభమో వ్యాసములు వ్రాయు విద్యార్థులు దీనివలన గ్రహింపవచ్చును.

హారిసన్ 2001లో గతించెను. అతని కడపటి ఆల్బమును కుమారుడును మిత్రుడును పూర్తిచేసి మరుసటి యేట వెలువరించిరి. అప్పటికిని పాడవలసిన పాటలు అతనియొద్ద మిగిలియే యుండెను.

మన పాఠశాలలోను వార్షికోత్సవపు ముఖ్యపాత్రలు, ప్రార్థనాగీతములలో మొదటి గొంతు ఏటేట కొద్దిమందికే దక్కుచున్నవి. వెనుక వరుసలోని పిల్లలయొద్ద ఏమి కలదో మనము అడుగుటలేదు. తలాంతును భూమిలో దాచిన దాసుని మనమందరము నిందింతుము. తలాంతు గలవానికి చోటీయని మనలను మాత్రము ప్రశ్నించుకొనము. కావున, నెలకొక సాయంకాలము ఎన్నడును ముందునకు రాని బాలబాలికలకే విడువవలయునని ఉపాధ్యాయులకు నా మనవి. వెనుక వరుసలోని విద్యార్థులారా, మీ వంతు వచ్చువరకును పాటలు కట్టుట మానకుడు.